మీరు పంపిన దాంట్లో వినబడింది ఒక్కటే మాట: ఫోటో



పోస్టు పొడుగ్గా ఉంటది, ముందే చెప్తున్నాం. తిట్టుకోకుండా చివరిదాకా చదవండి. టైప్ చేసేది ఒకరైనా మాట మా రూం అందరిది. వెలిమెల హాస్టల్లో ఒక రూంలో ఆరుగురం ఉంటాం. అందరం ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లు ఎక్కినవాళ్లమే. అందులో ఒక తమ్ముడికి చిన్నప్పటి నుంచి చూపు లేదు. నారాయణఖేడ్ దిక్కు తండా నుంచి వచ్చిండు, బీఏ ఫస్టియర్. పేరు రాయొద్దన్నడు కాబట్టి తమ్ముడు అనే రాస్తున్నాం.

మొన్న సెమిస్టర్ పరీక్షల ముందు జరిగింది ఇది. హాస్టల్ గ్రూపులో ఒక కాగితం ఫోటో వచ్చింది. మీ అందరికీ తెలిసిన రకమే: కాగితం కొంచెం వంకరగా, మూలకు ఎవరిదో బొటనవేలు, కింద స్టాంపు, స్టాంపు మీద సంతకం. మాలో ఒకడు దాన్ని తెరిచి కూడా చూడకుండా రూం గ్రూపులోకి తోసిండు. కింద వరుసగా "ఓకే అన్న", "ఓకే అన్న", బొటనవేలు గుర్తులు. తమ్ముడి ఫోను ఆ మెసేజ్ దగ్గరికి వచ్చి "ఫోటో" అని చెప్పి ఊరుకుంది. ఏదో జయంతి పోస్టర్ అయి ఉంటదని తను కిందికి జరిగిపోయిండు.

ఆ కాగితంలో ఉన్నది ఏందంటే, పరీక్షకు స్క్రైబ్, అంటే తను చెప్తుంటే రాసిపెట్టే మనిషి, కావాల్సిన విద్యార్థులు ఫలానా తేదీలోపు పేరు ఇవ్వాలని. మా రూంలో ఆరుగురికీ వచ్చిన నోటీసుల్లో ఆ ఒక్కటి మాత్రం తమ్ముడి కోసమే వచ్చింది. అదే తనకు అందలేదు. మాకు ఐదుగురికీ అందింది, మాకు పని లేదు కాబట్టి మేం చదవలేదు.

తేదీ దాటిపోయినంక తెలిసింది. ఉరుకులాడినం. చివరికి పరీక్షకు ముందురోజు సాయంత్రం తెలిసినవాళ్ల ద్వారా ఒక ఇంటర్ పిల్లగాడు దొరికిండు. పాపం మంచోడే, కానీ తెలుగు మీడియం పొలిటికల్ సైన్స్ మాటలు వాడికి కొత్త. తమ్ముడు "సార్వభౌమాధికారం" అంటే వాడు మూడుసార్లు అడిగి రాసిండట. రెండు పేపర్లు సగం సగం అయినయి. చదివింది అంతా తలకాయలో ఉంది, కాగితం మీదికి రాలేదు.

తమ్ముడు కోపం చేసి ఉంటే మాకు కొంచెం తేలిగ్గా ఉండేది. చేయలేదు. "అన్నా, మీరు పంపిన దాంట్లో నాకు వినబడింది ఒక్కటే మాట, ఫోటో" అన్నడు అంతే.

ఆ నోటీసు ఎక్కడిది, ముందు ఎవరు ఫోటో తీసిండ్రు అన్న లెక్కలోకి మేం పోవట్లేదు. చివర ఫార్వర్డ్ చేసింది మేమే. కాబట్టి ఈ పోస్టు ఎవరినో అనడానికి కాదు, మన గ్రూపును మనం ఒకసారి చూసుకుందామని.

ముందు ఆ ఫోను ఎట్ల చదువుతదో చెప్తాం, ఎందుకంటే పోయిన ఏడాది దాకా మాకూ తెల్వదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అని ఉంటది, సెట్టింగ్స్‌లో ఆన్ చేయాలి. వేలు ఎక్కడ పెడితే అక్కడ ఏముందో పైకి చదువుతది, రెండుసార్లు తడితే తెరుస్తది. తెలుగు గొంతు కూడా ఉంది. కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్, జేమ్స్ టే అని ఇద్దరు మొదలుపెట్టింది. ఇద్దరికీ చూపు లేదు. చూపున్నవాళ్లు కొనే కంప్యూటర్ వాడుకోవడానికి చూపులేనివాళ్లు మళ్లీ వేలకు వేలు పెట్టి ఇంకో సాఫ్ట్‌వేర్ ఎందుకు కొనాలె అన్న ప్రశ్నతోటే ఊరికే ఇచ్చిండ్రు. అది కూడా తెలుగు చదువుతది.

ఇవి చదివేది అక్షరాలను. మనం "అ" అని టైప్ చేస్తే లోపల దానికి ఒక నంబరు ఉంటది, దాన్ని చూసి ఫోను "అ" అని పలుకుతది. ఫోటోలో అక్షరం ఉన్నట్టు మన కంటికి కనబడుతది గానీ ఫోనుకు అది రంగు చుక్కల కుప్ప. పెద్ద అక్షరాలతో, ఎర్ర రంగుతో, కింద గీత కొట్టి రాసినా అంతే. అందుకని అది "ఫోటో" అంటది, లేకపోతే ఫైల్ పేరు చదువుతది: "ఐ ఎం జీ డాష్ రెండు సున్నా రెండు ఐదు..." అని. ఒకసారి మీ ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టి, కళ్లు మూసుకొని మన గ్రూపు తెరవండి. మేం చేశాం. పది నిమిషాలు కాకముందే తీసేశాం.

తీసేసే ముందు విన్నది మాత్రం రాస్తాం. పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం కంపెనీల వాక్-ఇన్ పోస్టర్లు: ఫోటో. గ్రూప్ పరీక్షల నోటిఫికేషన్ స్క్రీన్‌షాట్: ఫోటో. సీనియర్ అన్న రాసిన హిస్టరీ నోట్సు, పన్నెండు పేజీలు: ఫోటో, ఫోటో, ఫోటో, పన్నెండుసార్లు. సేవాలాల్ మహరాజ్ జయంతి బ్యానర్: ఫోటో. కొమురం భీం వర్ధంతి మీటింగ్ ఎక్కడ, ఎన్ని గంటలకు: ఫోటో. మధ్యలో ఎవరో ముప్పై దండాల గుర్తులు పెట్టిండ్రు, వాటిని మాత్రం ఫోను ఒక్కటి కూడా వదలకుండా చదివింది.

అంటే ఏమైంది? మన గ్రూపులో పనికొచ్చేవన్నీ బొమ్మలుగా పోతున్నయి, పనికిరానివి రాతగా పోతున్నయి.

ఇక్కడ ఒక మాట. మాలో చాలామంది ఇంట్ల కాగితం అంటే భయం ఉండేది. పట్టా కాగితం వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా తండా నుంచి ఊళ్లోకి పోవాలె, చదివినవాడి దగ్గర నిలబడాలె. వాడు అన్నం తిని లేచేదాకా ఆగాలె. వాడు చదివి "ఏం లేదు, వేలిముద్ర పెట్టు" అంటే పెట్టాలె. చదివినోడు మంచోడైతే మన అదృష్టం. ఏం చదివిండో, ఏం మింగిండో మన బాపుకు తెలిసే దారి లేదు. మన భూముల కథల్లో సగం అక్కడే మొదలైనయి, ఈ సంగతి ఈ గ్రూపులో కొత్తగా చెప్పేది కాదు. మనల్ని కాలేజీకి పంపింది ఆ గడప దగ్గర మళ్లీ నిలబడొద్దని.

ఇప్పుడు ఆ గడప అవతల కూర్చున్నది మేమే. తమ్ముడు "అన్నా, ఇందులో ఏముంది?" అని అడుగుతడు. మేం "ఏం లేదు లే, నీకు పని లేదు" అంటాం. నిజంగా పని లేదనే అనుకొని అంటాం. స్క్రైబ్ నోటీసు అట్లనే పోయింది. దురుద్దేశం ఉండాల్సిన పని లేదు. చదివే శక్తి ఒకరి చేతిలో, అవసరం ఇంకొకరిది అయితే చాలు, ఇట్లనే అయితది.

దీనికి పరిష్కారం ఏదో పెద్ద టెక్నాలజీ అనుకునేరు. ఫోటో కింద నాలుగు లైన్లు టైప్ చేయడం, అంతే. దాన్ని ఇంగ్లీషులో ఆల్ట్ టెక్స్ట్ అంటారు, బొమ్మకు బదులు రాత అని. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ అనే సంస్థ 1999లో ఇచ్చిన మొదటి మార్గదర్శకాల్లో మొట్టమొదటి అంశమే ఇది: రాత కాని ప్రతిదానికీ సమానమైన రాత ఇవ్వండి అని. మాలో ఒక్కరు కూడా అప్పటికి పుట్టలేదు.

మన దేశంలో చట్టం కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అందులో 42వ సెక్షన్ ప్రకారం అచ్చులో, ఎలక్ట్రానిక్ మీడియాలో వచ్చే సమాచారం వాళ్లకు అందే రూపంలో ఉండేటట్టు ప్రభుత్వం చూడాలె. అయితే ఆ చట్టం కింద రాసిన రూల్స్‌లో 15వ రూలు, వీలైతే చేయండి అన్నట్టు మెత్తగా ఉండేది. దాని మీద రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. చట్టం తప్పనిసరి అంటుంటే రూలు సలహా లెక్క ఉంటే కుదరదని దాన్ని కొట్టేసింది, మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలన్నది. ఆ కేసు వేసింది 2005లో. వేసిన మనిషికీ చూపు సమస్య ఉంది. మనకు దగ్గరి సంగతి ఏందంటే, దేశంలో ఈ పని ఎంతవరకు వచ్చిందో చూసి చెప్పమని కోర్టు అడిగింది మన హైదరాబాద్ శామీర్‌పేటలో ఉన్న నల్సార్ యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని. వాళ్లు ఇచ్చిన రిపోర్టు మీద ఆ తీర్పు నిలబడింది. తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమే అన్నది. అది బ్యాంకు కేవైసీలో కన్ను ఆర్పమని, కెమెరాలోకి చూడమని అడిగేదాని మీద వచ్చిన కేసు. యాసిడ్ దాడికి గురైనవాళ్లు కొందరు వేసిండ్రు, చూపు లేని ఒక లాయర్ కూడా వేసిండు.

తీర్పులు సరే. మన గ్రూపు అడ్మిన్ మీద సుప్రీంకోర్టుకు పోయేది ఎవరూ లేరు. చట్టం ఆఫీసులను, కాలేజీలను అడుగుతది, వాట్సాప్ గ్రూపును అడగదు. కానీ పీవీటీజీ గ్రామానికి రోడ్డు లేదని, హాస్టల్లో నీళ్లు లేవని, రిజర్వేషన్ రోస్టర్ తప్పుందని మనం ఆఫీసులను అడుగుతున్నాం గదా. మన గ్రూపులో మన తమ్ముడికి దారి లేకుండా పెట్టి అవతలోళ్లను ఏ మొహంతో అడుగుతాం?

ఇంకో కథ మీలో కొందరు సినిమాలో చూసే ఉంటారు. 2024 మే నెలలో "శ్రీకాంత్" అని హిందీ సినిమా వచ్చింది. ఆ శ్రీకాంత్ బొల్లా మన తెలుగాయనే, మచిలీపట్నం దగ్గర సీతారామపురం. చదువు రాని రైతుల ఇంట్లో పుట్టిండు, చూపు లేదు. హైదరాబాద్‌లో అంధుల స్కూల్లో చదివి పది పాసై ఇంటర్‌లో సైన్స్ అడిగితే ఇవ్వలేదు. కారణం ఏం చెప్పిండ్రంటే, సైన్స్‌లో బొమ్మలు ఉంటయి, గ్రాఫులు ఉంటయి, నువ్వు చూడలేవు అని. టీచరమ్మ సాయంతో కోర్టుకు పోయిండు, ఆరు నెలలకు గెలిచిండు. పుస్తకాలను ఆడియోగా మార్చించుకొని చదివిండు, 98 శాతం తెచ్చుకున్నడు. తర్వాత అమెరికాలో ఎంఐటీకి పోయిండు, తిరిగొచ్చి కంపెనీ పెట్టిండు.

సినిమా చూసి అందరం చప్పట్లు కొట్టాం. ఆయన పట్టుదల గురించే మాట్లాడుకున్నాం. మాకు ఇప్పుడు ఆ కథలో వేరే ముక్క గుచ్చుకుంటుంది. బొమ్మ ఉంది కాబట్టి మనిషిని బయట ఉండమన్నరు. బొమ్మను మాటల్లో చెప్పొచ్చు అన్న ఆలోచన రాలేదు. గ్రాఫును మాటల్లో చెప్పగానే అదే మనిషి 98 తెచ్చుకున్నడు. మరి కోర్టుకు పోలేని పిల్లలు, సాయం చేసే టీచరమ్మ దొరకని పిల్లలు ఎంతమంది ఆర్ట్స్ తీసుకొని ఊరుకున్నరు? మా తమ్ముడు కూడా లెక్కల్లో మంచోడే. ఎందుకు తీసుకోలేదని మేం ఎప్పుడూ అడగలేదు, ఈ పోస్టు రాస్తున్నప్పుడే తెలిసింది.

ఇక తెలుగులో మనకు ప్రత్యేకంగా ఉన్న తిప్పలు. ఇవి ఇంగ్లీషోళ్లకు లేవు, ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం వివరంగా.

ఒకటి, పీడీఎఫ్ అయితే సరిపోతదని అనుకుంటాం. కాదు. కాగితాన్ని కామ్‌స్కానర్‌తో తీసి పీడీఎఫ్ చేస్తే అది పీడీఎఫ్ బట్ట కప్పుకున్న ఫోటో. వేలు పెట్టి ఒక పదాన్ని సెలెక్ట్ చేసి చూడండి. సెలెక్ట్ కాకపోతే తమ్ముడికి అది ఖాళీ కాగితం. ఇంకో రకం ఉంది, ఇది ఇంకా మోసం. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో పాతకాలం పద్ధతిలో టైప్ చేసిన తెలుగు. కంటికి చక్కగా తెలుగే కనబడతది, సెలెక్ట్ కూడా అయితది, కాపీ చేసి ఇంకోచోట పెడితే ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు వస్తయి. ఫోను దాన్ని అట్లనే చదువుతది, దయ్యం పట్టినట్టు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది. మన ఫోన్లలో కీబోర్డు టైప్ చేసేది యూనికోడే. కాబట్టి డీటీపీ సెంటర్లో కరపత్రం వేయించినప్పుడు, గ్రూపు కోసం అదే మ్యాటర్‌ను ఫోన్లో ఒకసారి టైప్ చేస్తే పని అయిపోతది.

రెండు, "ela unnav anna" లెక్క ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం. మనందరికీ అలవాటే, మాకూ అలవాటే. ఫోను దాన్ని ఇంగ్లీషు గొంతుతో చదువుతది. తమ్ముడు ఒకసారి దాన్ని అనుకరించి వినిపించిండు, రూమంతా పడి పడి నవ్వినం. చిన్న ముచ్చట్లకు నడుస్తది. తేదీలు, ఫీజులు, అడ్రసులు ఉన్నదానికి వద్దు.

మూడు, మన భాషలు. గోర్ బోలికి, గోండికి, కోయకు చదివే గొంతు ఫోన్లో లేదు. గోండి గుంజాల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. ఆదిలాబాద్ దిక్కు గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతుల లిపి అది, మనం గర్వపడాల్సిందే, కానీ దాన్ని పైకి చదివేది మాకైతే ఇంకా దొరకలేదు. మాకు తెలిసిన ఒక దొంగదారి ఉంది: గోర్ బోలిని తెలుగు అక్షరాల్లో టైప్ చేస్తే తెలుగు గొంతు దాన్ని చాలావరకు సరిగ్గానే పలుకుతది, తెలుగు ఎట్ల రాస్తే అట్ల పలికే భాష కాబట్టి. యాస కొంచెం పట్నం పంతులమ్మ లెక్క ఉంటది. "యాడి" అని ఫోను పలికినప్పుడు తమ్ముడి మొహం చూడాల్సింది.

దీంట్లోనే ఇంకో లాభం మాకు తర్వాత అర్థమైంది. మన యాడి, బాపు చదవలేరు, కానీ వాళ్ల చేతిలో కూడా ఫోను ఉంది. రాతగా పంపింది ఫోనుతో చదివించుకొని వినొచ్చు. ఫోటోగా పంపింది వాళ్లకూ తమ్ముడికీ ఒకటే. మన పెన్షన్ సమాచారం, ఆధార్ క్యాంపు సమాచారం ఎవరి కోసం పెడుతున్నాం మరి?

ఇప్పుడు అభ్యంతరాలు. పోయిన వారం రూంలో ఈ మాట ఎత్తితే పక్క రూం అన్నలు అన్నవే రాస్తున్నాం.

"ఏఐ వచ్చింది గదా, ఫోటో పెడితే అదే చదివేస్తది." నిజమే, కొంత. బీ మై ఐస్ అని డెన్మార్క్‌లో పుట్టిన యాప్ 2015 నుంచి ఉంది. ముందు వీడియోలో మనుషులు చూసి చెప్పేవాళ్లు, 2023 నుంచి ఏఐ కూడా చెప్తున్నది. తమ్ముడు వాడుతడు, మంచిదే అంటడు. కానీ వంకరగా తీసిన తెలుగు కాగితంలో ఒత్తులు పోతయి, టేబుల్ ఉంటే ఏ గడిది ఏ గడిలో పడుతదో దేవుడికే ఎరుక. అన్నిటికంటే ప్రమాదం, తప్పు చదివినా అనుమానం లేకుండా చదువుతది. 13వ తేదీని 18 అన్నదనుకోండి, తమ్ముడికి సరిచూసుకునే దారి ఏది? పైగా ఒక్కో ఫోటోను బయటికి తీసి, ఇంకో యాప్‌లో పెట్టి, డేటా ఖర్చు పెట్టి వినాలె. మనం ఒక్కసారి టైప్ చేసే కష్టాన్ని తను రోజుకు ఇరవైసార్లు పడాలె. ఇంకోటి, మనం గ్రూపుల్లో కుల సర్టిఫికెట్లు, ఆధార్ కార్డులు కూడా పడేస్తుంటాం (అది వేరే తప్పు, దాని మీద ఇంకో పోస్టు రాయాలె). అందులో ఏముందో తెలియని మనిషి వాటిని ఏదో యాప్‌కు పంపి తెలుసుకోవాలా?

"గ్రూపులో చూపులేనిది ఒక్కడే గదా." ఒక్కడే అని ఎట్ల తెలుసు? 2011 జనాభా లెక్కల్లో దేశంలో చూపు సమస్య ఉన్నవాళ్లు 50 లక్షల పైనే. మన గ్రూపుల్లో కనబడట్లేదంటే లేరని కాదు, వచ్చి, అన్నీ ఫోటోలే వినబడి, వెళ్లిపోయి ఉండొచ్చు. సర్కారు కాలేజీ సీట్లలో వికలాంగులకు 5 శాతం రిజర్వేషన్ ఉంది, ఉద్యోగాల్లో 4 శాతం ఉంది. ఎస్టీ అయి, వికలాంగులై ఉన్నవాళ్లకు ఏ నోటిఫికేషన్ ఎంత అవసరమో మనమే అర్థం చేసుకోకపోతే ఎవరు చేసుకుంటరు? సరే, నిజంగా ఒక్కడే అనుకుందాం. తండా పిల్లలు స్కూల్లో ఇద్దరే ఉన్నరని మన భాషలో మాట్లాడే టీచర్ అక్కర్లేదన్నప్పుడు మనకు ఎట్ల అనిపించింది?

"టైం ఎక్కడిది?" దీనికి జవాబు లేదు, టైం పడుతది. వాక్-ఇన్ పోస్టర్‌కు రెండు నిమిషాలు. పన్నెండు పేజీల నోట్సుకు ఒక ఆదివారం. నోట్సు మేం పంచుకున్నాం, మనిషికి రెండు మూడు పేజీలు, కొంత గూగుల్ లెన్స్‌తో తీసి తప్పులు దిద్దినం, కొంత ఫోన్‌కు నోటితో చెప్పి రాయించినం. ఇట్ల చేస్తే కాపీరైట్ అవుతదా అని ఒక అన్న అడిగిండు. 2012 సవరణ నుంచి మన కాపీరైట్ చట్టమే, వికలాంగులు చదువుకునే రూపంలోకి వాళ్ల కోసం, లాభం చూడకుండా పుస్తకాన్ని మార్చొచ్చని చెప్తుంది. నోట్సు రాసిన సీనియర్ అన్నయితే సంతోషపడ్డడు, తన రాతలో తనకే అర్థం కాని రెండు చోట్లు మేం పట్టుకున్నాం కాబట్టి.

ఎట్ల రాయాలె అన్నది తమ్ముడి దగ్గరే నేర్చుకున్నాం. మొదట్లో మేం అతి చేశాం. పోస్టర్ చుట్టూ ఉన్న పూల బార్డరు కూడా రాసినం. "అన్నా, పూలు వద్దు, తేదీ చెప్పు" అన్నడు. బొమ్మ అక్కడ ఎందుకుందో అది చెప్పాలె, బొమ్మలో ఉన్నదంతా కాదు. నోటీసు అయితే అందులోని రాత మొత్తం, ముఖ్యంగా ఎవరికి, ఏ తేదీ, ఎక్కడ, ఏ కాగితాలు. "వివరాలు ఫోటోలో చూడండి" అని రాయడం కంటే అసలు రాయకపోవడం నయం. ఎకనామిక్స్ గ్రాఫు అయితే "డిమాండ్ గ్రాఫ్" అంటే చాలదు, "రేఖ ఎడమ పైనుంచి కుడి కిందికి దిగుతుంది, ధర పెరిగితే కొనే పరిమాణం తగ్గుతుంది" అనాలె. పరీక్షలో అడిగేది అదే గదా. లొకేషన్ మ్యాప్ స్క్రీన్‌షాట్ అయితే మ్యాపును వర్ణించకండి, కొల్లూరు ఓఆర్ఆర్ దగ్గర దిగి ఎటు రావాలో ఆటో అన్నకు చెప్పినట్టు చెప్పండి. టేబుల్‌ను ఫోటో తీయకుండా వరుసలుగా టైప్ చేయండి. "ఈ చిత్రంలో" అని మొదలుపెట్టక్కర్లేదు, ఫోటో అని ఫోను ముందే చెప్తది.

మన ఫోటోలను కూడా చెప్పాలె, అవి పనికిరానివని వదలొద్దు. ఇది మాకు తట్టలేదు, తమ్ముడే అడిగిండు. జోడేఘాట్ పోయినప్పటి ఫోటోకు కింద అందరూ "సూపర్ అన్న" అని పెడుతున్నరు. తనకు సూపర్ ఏందో తెల్వదు. మేం రాసింది ఇది: "జోడేఘాట్‌లో కొమురం భీం విగ్రహం ముందు మన పిల్లలు వరుసగా నిలబడ్డారు. ముందు ఇద్దరు చెల్లెళ్లు బ్యానర్ పట్టుకున్నారు, గాలికి బ్యానర్ సగం మడత పడింది. చివర నిలబడినవాడు కళ్లు మూసుకున్నాడు." ఆ చివరివాడు మా రూం వాడే. తమ్ముడు వారం రోజులు వాడిని ఏడిపించిండు.

ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టేటప్పుడు ఎడిట్‌లో ఆల్ట్ టెక్స్ట్ అని ఉంటది, అక్కడ రాయొచ్చు. వాట్సాప్‌లో ఫోటో కింద కాప్షనే మన దారి. వర్డ్‌లో అసైన్‌మెంట్ చేసేవాళ్లు బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే ఆల్ట్ టెక్స్ట్ వస్తది, ఊరికే అందానికి పెట్టిన బొమ్మైతే డెకరేటివ్ అని టిక్ పెట్టండి, ఫోను దాన్ని దాటిపోతది. పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ కొట్టి పీడీఎఫ్ చేయకుండా, సేవ్ యాజ్ లో పీడీఎఫ్ ఎంచుకోండి, రాసిన ఆల్ట్ టెక్స్ట్ దాంతోపాటు పోతది. పేర్లకు స్టైల్ అక్షరాలు పెట్టుకున్న తమ్ముళ్లకు ఒక మాట: మీ పేరును ఫోను గణిత గుర్తులుగా చదువుతుంది, లేకపోతే మొత్తానికే మింగేస్తుంది. మీరు మెసేజ్ పెడితే తమ్ముడికి ఎవరు పెట్టిండ్రో తెలియట్లేదు.

అడ్మిన్ అన్నలకు అడిగేది ఒక్కటి. రాత లేని నోటీసు ఫోటో వస్తే తీసేయకండి, దాని కింద "రాత?" అని ఒక్క మాట పెట్టండి. పెట్టినవాళ్లు రాస్తే మంచిది, లేకపోతే మా రూం వాళ్లం వంతులవారీగా రాస్తాం. రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగానే ఉంటాం, మెస్ దగ్గర లైను లేకపోతే ఎనిమిదిన్నరకే.

సప్లిమెంటరీ ఫీజు నోటీసు త్వరలో వస్తదంటున్నరు. తమ్ముడు ఆ రెండు పేపర్లు మళ్లీ రాస్తడు. స్క్రైబ్ ఈసారి మా రూం నుంచే ఒకరిని ఇద్దామంటే అదే సబ్జెక్టు చదివినోళ్లు కుదరదంటరేమో కనుక్కుంటున్నాం. తెలిసిన సీనియర్లు ఎవరైనా ఉంటే కింద చెప్పండి. ఫోటో పెట్టకుండా.

ఈ పోస్టుతో మేం మాత్రం ఒక ఫోటో పెట్టాం. అందులో ఉన్నది: హాస్టల్ రూం, రెండంతస్తుల ఇనుప మంచం. కింది మంచం మీద తమ్ముడు గోడకు ఆనుకొని కూర్చున్నాడు, ఫోను చెవికి దగ్గరగా పెట్టుకున్నాడు, నవ్వుతున్నాడు. పై మంచం నుంచి ఎవరిదో కాలు వేలాడుతుంది. కిటికీ అవతల కడుతున్న పెద్ద అపార్ట్‌మెంటు, దాని మీద క్రేను.

తనను అడిగే పెట్టాం. ఇది చదివించుకొని విని, "చొక్కా రంగు రాయలేదేంది?" అన్నడు. నీలం, గీతల చొక్కా. పోయిన దీవాళికి వాళ్ల యాడి కొన్నది.